జాతి, వర్గం, రాయని నియమాలు: 13–14 ఏళ్ల పిల్లలకు ఆరు పీరియడ్లలో ఎలా పరిచయం చేయాలి?

నల్లబల్ల (చర్చ మొదలుపెట్టినవారు)

తరగతిలో 32 మంది. వారానికి ఒకటి చొప్పున ఆరు పీరియడ్లు, ఒక్కొక్కటి 45 నిమిషాలు. మనుషులను జాతిగా విడదీయడం, ఆర్థిక వర్గం, ఎవరూ రాసిపెట్టకుండానే అందరూ పాటించే నియమాలు: ఈ మూడింటినీ పిల్లలు తమంతట తాము గుర్తుపట్టగలగాలి. ఉపన్యాసం ఇచ్చి చేతులు దులుపుకోవడం ఇష్టం లేదు. మూడు సందేహాలు. ఏది ముందు, ఏది తర్వాత? పిల్లల సొంత జీవితాలను పాఠంలోకి ఎంతవరకు రానివ్వాలి? నేర్చుకున్నారని చివరికి ఎలా తెలుస్తుంది? ఇలాంటి పాఠాలు తయారుచేసేవారు, ఈ పరిశోధన చదివినవారు వివరంగా చెప్పండి.

కొలబద్ద

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఇవన్నీ పిల్లలకు తెలియవని, మనం నోరు విప్పితేనే తెలుస్తాయని అనుకుంటాం. 2005లో బ్రిటన్‌లో జరిగిన అధ్యయనంలో మూడు నెలల పసివాళ్లు తమ చుట్టూ ఎక్కువగా కనిపించే జాతి ముఖాలనే ఎక్కువసేపు చూశారు. అప్పుడే పుట్టినవాళ్లలో ఆ తేడా లేదు. మరుసటి ఏడాది ఇజ్రాయెల్‌లో, ఇథియోపియా నుంచి వలస వచ్చిన కుటుంబాల పసివాళ్లను చూశారు. రెండు రకాల ముఖాల మధ్యా పెరుగుతున్న ఆ బిడ్డలు ఏ వైపూ మొగ్గలేదు. అంటే అది పుట్టుకతో వచ్చిన ద్వేషం కాదు, కంటికి పడిన అలవాటు.

ఇంతకంటే మీకు పనికొచ్చేది 2008లో అమెరికాలో వచ్చిన ఇంకో అధ్యయనం. అదొక ఫొటోల ఆట. ఎదుటివారు మనసులో అనుకున్న ఫొటో ఏదో అవును–కాదు ప్రశ్నలతో, వీలైనన్ని తక్కువ ప్రశ్నల్లో కనిపెట్టాలి. 'ఆ మనిషి తెల్లవారా?' అని అడిగితే ఒక్క దెబ్బకు చాలా ఫొటోలు పక్కకు పోతాయి. 8, 9 ఏళ్ల పిల్లలు ఆ ప్రశ్న అడిగేశారు. 10, 11 ఏళ్ల వాళ్లు మాత్రం వెనకాడి, తమకంటే చిన్నవాళ్ల చేతిలో ఓడిపోయారు. జాతితో పని లేని ఫొటోలు ఇచ్చినప్పుడు గెలిచింది పెద్దవాళ్లే.

కాబట్టి మీ తరగతిలో పిల్లలు ఆ ఈడు దాటేశారు. ఏం కనిపిస్తుందో వాళ్లకు తెలుసు, 'కనిపించినా అనకూడదు' అన్నదీ తెలుసు. ఆ రెండోది కూడా ఒక రాయని నియమమే. అందుకే ముందు నియమాలు, తర్వాత వర్గం, ఆఖరున జాతి. నేరుగా జాతితో మొదలుపెడితే మీకు వినిపించేది పిల్లల ఆలోచన కాదు, మౌనం. లేకపోతే 'మనుషులంతా ఒక్కటే' అనే కంఠస్థం.

తెరిచినకిటికీ

మొదటి రెండు పీరియడ్లకు గమనిక పత్రం చాలు. ఒక కాగితం మీద నాలుగు గడులు గీయించండి: ఎక్కడ, ఏం జరిగింది, ఎవరూ చెప్పకుండానే అందరూ పాటించింది ఏమిటి, తప్పితే ఏమవుతుంది. గడువు రెండు రోజులు, ఒక్కొక్కరికి ఎనిమిది నమోదులు. ఎనిమిది ఎందుకంటే మొదటి మూడు నాలుగూ అందరూ ఒకేలా రాస్తారు, వరుసలో నిలబడటం, పెద్దవాళ్లు వస్తే లేవడం లాంటివి. ఐదో దాని నుంచి వెతుక్కోవాలి. అసలు సరుకు అక్కడే దొరుకుతుంది.

ఎక్కడ చెడుతుందో కూడా చెబుతాను. పిల్లలు రాసి ఉన్న నిబంధనలను తెచ్చి పెడతారు: ఫోను తేకూడదు, ఆలస్యంగా రాకూడదు. వాటిని కొట్టేయమనండి. ఎక్కడా రాసి లేనివే కావాలి. రెండోది, మనుషుల పేర్లు రాస్తారు. మొదటి రోజే 'పేర్లు వద్దు, పాత్రలు రాయండి' అనకపోతే ఆ కాగితం చాడీల చిట్టా అవుతుంది. మూడోది, నాలుగో గడిలో 'ఏమీ కాదు' అని రాస్తారు. చూపు, నవ్వు, మాట్లాడకపోవడం, పిలవకపోవడం కూడా శిక్షలేనని రెండు ఉదాహరణలు ఇస్తే ఆ గడి నిండుతుంది.

రెండో వారం అదే కాగితం మీద ఐదో గడి గీయించండి: 'ఈ నియమం పాటించడం ఎవరికి తేలిక, ఎవరికి బరువు?' బరువు నాలుగు రకాలు: డబ్బు, సమయం, మాట, ఒళ్లు. మాట అంటే తాము మాట్లాడే తీరు మార్చుకోవాల్సి రావడం. ఈ గడిని మొదటి వారమే ఇవ్వకండి. ఇస్తే ముందు జవాబు అనుకుని, దానికి తగ్గ గమనికలు అల్లుతారు.

మూడోబెంచీ

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త గార్ఫింకెల్ చేయించినట్టు ఒక చిన్న నియమాన్ని పిల్లలతో కావాలని తప్పించి, ఏం జరుగుతుందో చూడమనకూడదా? కాగితం కంటే అది గట్టిగా మనసుకు పట్టదా?

కొలబద్ద

మూడోబెంచీ గారూ, పడుతుంది, కానీ ఎవరికి పడుతుందో చూడాలి. 1960లలో గార్ఫింకెల్ ఆ పని అప్పగించింది విశ్వవిద్యాలయ విద్యార్థులకు. సొంత ఇంట్లోనే అద్దెకున్న కొత్తవాళ్లలా, అతి మర్యాదగా, అడిగితేనే మాట్లాడుతూ ఉండమన్నారు. పావుగంట నుంచి గంటలోపే చాలా ఇళ్లలో కంగారు, కోపం మొదలయ్యాయి. పెద్దవాళ్లకే అలా ఉంటే 13 ఏళ్ల పిల్లల సంగతి వేరే చెప్పాలా? పైగా నియమం తప్పితే పడే దెబ్బ అందరికీ ఒకటి కాదు. ఒకరు తప్పితే 'చిలిపితనం' అంటారు, ఇంకొకరు తప్పితే 'పెంపకం' అంటారు. ఆ తేడాను పిల్లలు కాగితం మీద ముందుగా ఊహించి రాయాలి. 'ఇదే పని వీరు చేస్తే ఏమంటారు, వారు చేస్తే ఏమంటారు?' అని రెండు వరుసలు చాలు, ఎవరూ బలి కారు.

నలుగురితో నారాయణ అనడం ఎంత బలమైనదో చూపడానికి మనస్తత్వవేత్త ఆష్ 1951లో ప్రచురించిన గీతల ప్రయోగం వివరిస్తే సరిపోతుంది. మొత్తం 18 సార్లు గీతల పొడవు పోల్చాలి. అందులో 12 సార్లు, ముందే మాట్లాడుకుని వచ్చినవాళ్లంతా ఒకే తప్పు జవాబు చెబుతారు. ఏమీ తెలియకుండా వచ్చినవారు ఆ 12 సార్లలో సుమారు మూడో వంతు సార్లు వాళ్లతో గొంతు కలిపారు. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా లొంగారు. గదిలో ఒక్కరు నిజం చెప్పినా ఆ లొంగుబాటు బాగా పడిపోయింది. జవాబు కాగితం మీద రాసుకోమన్నప్పుడూ తగ్గింది.

దీన్ని మీ పాఠంలో ఒక విషయంగా చెప్పి వదిలేయకండి, పాఠం నడిపే పద్ధతిగా వాడండి. ఏ ప్రశ్నకైనా ముందు మూడు నిమిషాలు రాత, తర్వాతే మాట. లేకపోతే మొదట చెయ్యెత్తిన ఇద్దరి అభిప్రాయమే తరగతి అభిప్రాయం అయిపోతుంది.

వర్గరేఖ

వర్గం గురించి. ఈ ఈడు పిల్లలు పేదరికాన్ని ఎలా వివరిస్తారో మనస్తత్వవేత్త రాబర్ట్ లీహీ 1981లో వరుసకట్టారు. చిన్నపిల్లలు వస్తువులు చెబుతారు: ఇల్లు, బట్టలు. యుక్తవయసుకు దగ్గరయ్యేకొద్దీ గుణాలు చెబుతారు: కష్టపడ్డాడు, బద్ధకస్తుడు. అవకాశాలు, అధికారం, వారసత్వం అనే వివరణ ఆలస్యంగా వస్తుంది, అదీ కొందరిలోనే. మీ 32 మందిలో ఎక్కువమంది రెండో మెట్టు మీద ఉంటారనే లెక్కతో తయారవ్వండి.

ఇక్కడ సమయం లెక్క బాగా పనిచేస్తుంది. రెండు ఊహాపాత్రల కార్డులు ఇవ్వండి. పేరు, రూపం ఏమీ ఉండకూడదు, పరిస్థితులు మాత్రమే. మొదటి కార్డు: రోజుకు 3 గంటల తీరిక, వేరే గది. రెండో కార్డు: చిన్నవాళ్లను చూసుకోవాలి, సెలవు రోజుల్లో పనికి వెళ్లాలి, తీరిక వారంలో ఐదు రోజులు గంటన్నర చొప్పున. వారానికి 21 గంటలు ఒకరికి, 7.5 గంటలు ఇంకొకరికి. 30 వారాల చదువుకు 630, 225. తేడా 405 గంటలు. ఈ అంకె పిల్లలే వేయాలి, మీరు బోర్డు మీద వేసి చూపిస్తే దాని పస పోతుంది.

అంకె రాగానే ఒక చెయ్యి లేస్తుంది: 'అయినా కష్టపడితే పైకి రావచ్చు కదా!' దాన్ని కొట్టిపారేయకండి, ఆ పిల్లవాడు అబద్ధం చెప్పడం లేదు. ప్రశ్న మార్చండి: 'ఒక్కరు రావడానికి ఏం కావాలి? పదిమందికి పదిమందీ రావడానికి ఏం కావాలి?' మొదటిదానికి గుణాలు చెబుతారు. రెండోదానికి గ్రంథాలయం వేళలు, ప్రయాణం, పిల్లల్ని చూసుకునే మనిషి, ఇంటి అద్దె అని మొదలవుతుంది. మెట్టు మారేది ఆ రెండో ప్రశ్న దగ్గర.

రాయని నియమాలకూ వర్గానికీ ముడి ఎక్కడంటే, సాయం అడగడం దగ్గర. సామాజిక శాస్త్రవేత్త జెస్సికా కలార్కో అమెరికన్ బడుల్లో తరగతులు గమనించి చూపించిన విషయం ఇది. మధ్యతరగతి పిల్లలు టీచరును పదేపదే అడుగుతారు, అడ్డుపడి అడుగుతారు, కావాల్సిన జవాబు వచ్చేదాకా వదలరు. శ్రామిక కుటుంబాల పిల్లలు టీచరును ఇబ్బంది పెట్టకూడదని తామే తంటాలు పడతారు, ఎందుకంటే ఇంట్లో నేర్పిన మర్యాద అది. రెండూ పెంపకాలే. కానీ టీచరు సమయం, దాంతో మార్కులు, మొదటివాళ్లకే పోతాయి. కనుక 'సందేహాలుంటే అడగండి' అనడం అందరికీ సమానమైన మాట కాదు. అడిగినవాళ్ల దగ్గరికి కాకుండా వరుసలవారీగా ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లడం, 'ఒక్కొక్కరు కనీసం ఒక ప్రశ్న రాసివ్వాలి' అని చెప్పడం: ఈ రెండూ చేస్తే ఆ తేడా కొంత సర్దుకుంటుంది. మీ పాఠమే ఆ తప్పు చేస్తూ వర్గం గురించి మాట్లాడితే పిల్లలకు తెలిసిపోతుంది.

నల్లబల్ల

కార్డుల సలహా వెంటనే తీసుకుంటున్నాను. చాలాచోట్ల చెప్పే 'ముందడుగు–వెనకడుగు' ఆట సంగతేమిటి? పిల్లలంతా ఒక గీత మీద నిలబడి, 'ఇంట్లో పుస్తకాలు ఉంటే ఒక అడుగు ముందుకు' లాంటివి వింటూ కదులుతారు. దానికి పది నిమిషాలే పడుతుంది.

తెరిచినకిటికీ

వద్దండి. ఆ ఆటలో నేర్చుకునేది ముందున్నవాళ్లు. దానికి వెల కట్టేది గోడకు ఆనుకుని నిలబడిపోయినవాళ్లు. వెనక ఉన్న పిల్లకు తన ఇంట్లో ఏం లేదో ముందే తెలుసు. ఆమెకు కొత్తగా తెలిసేదల్లా ఆ సంగతి ఇప్పుడు అందరికీ తెలిసిందన్నదే. పది నిమిషాల్లో ముగుస్తుంది నిజమే, కానీ విరామంలో, బస్సులో, మర్నాడు కూడా అది నడుస్తూనే ఉంటుంది.

అమెరికాలోని అయోవాలో జేన్ ఇలియట్ అనే టీచరు 1968 ఏప్రిల్ 5న, మార్టిన్ లూథర్ కింగ్ హత్య మర్నాడు, మూడో తరగతి పిల్లలను కళ్ల రంగును బట్టి విడదీసి ఒక జట్టును తక్కువ చేసి చూపిన పాఠం కూడా ఇదే కోవ. చరిత్రగా చెప్పండి, చేయించకండి.

వాటి బదులు బడిని లెక్క చూడమనండి. ఈ ఏడాది ఇచ్చిన పనుల్లో ఇంటి నుంచి డబ్బు, ఇంటర్నెట్, ప్రింటు, పెద్దవాళ్ల సాయం, ప్రయాణం కావాల్సినవి ఎన్నో నలుగురేసి జట్టుగా లెక్కపెట్టాలి. ఎనిమిది జట్లు, జట్టుకు ఒక నెల. అక్కడ బయటపడేది బడి నియమాలు, పిల్లల ఇళ్లు కావు.

జనగణన

జాతి పీరియడ్ల ముందు మాట సంగతి తేల్చుకోండి. తెలుగులో 'జాతి' అంటే జాతీయ పతాకంలో ఒక అర్థం, జాతి కుక్క అన్నప్పుడు ఇంకొకటి, పక్షిజాతి అన్నప్పుడు మరొకటి. ఈ మూడూ కలిసిపోతే, మనుషుల్లో జాతులు కుక్కల్లో జాతుల్లాంటివే అనే తప్పు ఊహ నోటి మాటతోనే పిల్లల్లోకి దిగిపోతుంది. బోర్డు మీద ఆ అర్థాలన్నీ రాసి, 'ఈ పాఠంలో జాతి అంటే, ఒంటి లక్షణాలను చూపి సమాజం మనుషులను పంచిన తీరు' అని ఒక్క వాక్యం గీత గీసి ఉంచండి. వర్గం కూడా అంతే. 'డబ్బు, చదువు, పని, పరిచయాలు కలిపి వచ్చే స్థానం' అని చెప్పకపోతే ముఠా అనుకుంటారు.

తర్వాత జిగ్‌సా పద్ధతిలో ఒక పీరియడ్, అంటే జట్టులో ఒక్కొక్కరు పాఠంలో ఒక్కో ముక్క చదివి మిగతావాళ్లకు చెప్పడం. మనస్తత్వవేత్త ఇలియట్ ఆరన్‌సన్ 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో, జాతులవారీ బడులు కలిపినప్పుడు రేగిన గొడవల మధ్య రూపొందించింది ఇది. మీ 32 మందికి ఆరు జట్లు: నాలుగు జట్లలో ఐదుగురు, రెండింట్లో ఆరుగురు. పాఠం ఐదు ముక్కలు. ఆరుగురున్న జట్టులో ఒక ముక్కను ఇద్దరు పంచుకుంటారు.

ఒకటో ముక్క, అమెరికా జనగణన. 1920 నుంచి 1940 వరకు జాతి గడిలో 'హిందూ' అని ఉండేది, మతం ఏదైనా భారతీయులను అందులోనే వేసేవారు. 1970లో వాళ్లను తెల్లవారిలో లెక్కించారు. 1980లో 'ఏషియన్ ఇండియన్' అనే గడి వచ్చింది. 'మెక్సికన్' అనే జాతి గడి 1930లో ఒక్కసారే కనిపిస్తుంది. ఒకటి కంటే ఎక్కువ గడులు గుర్తుపెట్టుకునే వీలు 2000లో వచ్చింది.

రెండో ముక్క, రెండు తీర్పులు. 1922లో తకావో ఒజావా అనే జపాన్ వ్యక్తికి అమెరికా పౌరసత్వం ఇవ్వకపోతే, సుప్రీంకోర్టు చెప్పిన కారణం: తెల్లవారంటే కాకేసియన్లు (యూరప్ వాళ్లతో పాటు మరికొందరినీ కలిపి అప్పటి పండితులు పెట్టిన జాతి పేరు), ఆయన కాకేసియన్ కాదు. మూడు నెలలకే, 1923లో, పంజాబ్ నుంచి వెళ్లిన భగత్ సింగ్ థింద్ విషయంలో అదే కోర్టు: కాకేసియన్ అన్నా కుదరదు, మామూలు జనం దృష్టిలో ఈయన తెల్లవాడు కాదు.

మూడోది, దక్షిణాఫ్రికా జనాభా నమోదు చట్టం. 1950 నుంచి 1991 దాకా ఉంది. సందేహం వస్తే జుట్టులో పెన్సిల్ గుచ్చి, జారిపడుతుందా నిలుస్తుందా అని చూసి జాతి తేల్చిన రోజులవి. నాలుగోది, ఒంటి రంగు: ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఒంట్లో ఫోలేట్ అనే విటమిన్‌ను చెడగొడతాయి, విటమిన్ డి తయారుకావడానికీ అవే కావాలి. ఎండ తీవ్రతను బట్టి చర్మం రంగు ఈ రెండింటి మధ్య సర్దుకుంది. అందుకే దక్షిణ భారతం, ఆఫ్రికా, మెలనేషియా ప్రజల్లో దగ్గరి చుట్టరికం లేకున్నా నలుపు ఉంది. ఐదోది, జన్యుశాస్త్రవేత్త లెవొంటిన్ 1972లో 17 జన్యువులతో వేసిన లెక్క: మనుషుల మధ్య వైవిధ్యంలో సుమారు 85 శాతం ఒకే జనసమూహం లోపలే ఉంది, జాతుల మధ్య ఉన్నది 6 శాతం చిల్లర.

సమయం: ఎవరికి వారు చదవడం 5 నిమిషాలు, ఒకే ముక్క చదివినవాళ్లు కూడి మాట్లాడుకోవడం 10, సొంత జట్టుకు తిరిగొచ్చి ఒక్కొక్కరు 4 నిమిషాల చొప్పున చెప్పడం 20, చిన్న పరీక్ష 8, కుర్చీలు జరపడానికి 2. ఒకే ముక్క చదివినవాళ్లు ఆరేడుగురు అవుతారు, ముగ్గురేసి విడదీయండి. ఆరుగురు కూర్చుంటే ఇద్దరే మాట్లాడతారు.

కొలబద్ద

ఐదో ముక్కకు ఒక జాగ్రత్త. 2003లో మరో జన్యుశాస్త్రవేత్త ఎడ్వర్డ్స్ చూపినట్టు, చాలా జన్యువులను కలిపి చూస్తే ఒక మనిషి పూర్వీకులు ఏ ఖండం వారో చెప్పవచ్చు. కాబట్టి 'జన్యువుల్లో తేడాలే లేవు' అని పిల్లలకు చెప్పకండి. రేపు ఎక్కడో ఆ తేడా గురించి చదివితే మీరు చెప్పిన మిగతాదీ అబద్ధమనుకుంటారు. తేడాలు ఉన్నాయి, అవి మెల్లగా ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతూ ఉంటాయి, గడులు గీసింది మనుషులు. ఒకటో ముక్కలో గడులు మారుతున్నాయి కదా, దాని పక్కన పెట్టి చెబితే సరిగ్గా అతుకుతుంది.

మూడోబెంచీ

నాకు ఇంకా భయం పోలేదు. ఇంత విడమరచి చెబితే లేని గీతలు మనమే గీసినట్టు కాదా?

తెరిచినకిటికీ

న్యాయమైన భయమే. దానికి జవాబు మనస్తత్వవేత్త రెబెకా బిగ్లర్ బృందం చేసిన టీషర్టుల అధ్యయనాల్లో ఉంది. బడిపిల్లలకు రెండు రంగుల చొక్కాలిచ్చారు. కొన్ని తరగతుల్లో టీచర్లు రంగును వాడారు: ఆ రంగువాళ్లు ఇటు కూర్చోండి, ఈ రంగువాళ్లు వరుసలో రండి. కొన్నింట్లో చొక్కాలు ఉన్నా టీచర్లు పట్టించుకోలేదు. మన రంగే మంచిదనే మొగ్గు పెరిగింది టీచర్లు రంగును వాడిన తరగతుల్లో. అక్కడ ఎవరూ ఏ రంగునూ పొగడలేదు, తిట్టలేదు, పంచడానికి వాడారంతే.

అయితే దీన్నుంచి 'మాట్లాడకపోతే చాలు' అని తీసుకోకూడదు. బయట లోకం రంగును పట్టించుకోని తరగతి లాంటిది కాదు, అక్కడ ఎవరు ఎక్కడ ఉంటారు, ఎవరు ఏ పని చేస్తారు అన్నది ముందే పంచి ఉంది. పిల్లలు ఆ పంపకాన్ని చూసి కారణం తామే కల్పించుకుంటారు, ఆ కారణం దాదాపు ఎప్పుడూ 'వాళ్లు అంతే' అన్నదే. మీరు చేసేది కొత్త గీత గీయడం కాదు, ఉన్న గీత ఎవరు గీశారో చెప్పడం. కానీ మీ గదిలో మాత్రం పంపకానికి ఏ గుర్తునూ వాడకండి. ఆడ–మగ వరుసలు, మార్కుల వరుసలు కూడా అందులోకే వస్తాయి. జిగ్‌సా జట్లు మీరే కలపండి, ఎంచుకోనివ్వకండి.

ఇంకొకటి. గదిలో ఆ జాతి లేదా ఆ పరిస్థితికి చెందిన పిల్లలు ఒకరో ఇద్దరో ఉంటే, చర్చ రాగానే తలలన్నీ అటు తిరుగుతాయి. 'నువ్వు చెప్పు, మీకెలా ఉంటుంది?' అన్న మాట టీచరు నోట రాకూడదు, పిల్లల నోట వస్తే వెంటనే ఆపాలి. పీరియడుకు ముందురోజు ఆ పిల్లలతో విడిగా రెండు మాటలు: ఏం రాబోతోంది, నిన్ను ఎవరూ అడగరు, బయటికి వెళ్లాలనిపిస్తే ఈ సైగ చెయ్యి. చీటీల మీద పేరు లేకుండా రాయించినా చేతిరాత పట్టించేస్తుంది. చీటీలు పిల్లల చేతికి ఇవ్వకుండా మీరే చదవండి, ముందే చూసుకుని చదవండి. ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకండి. ఒక బిడ్డకు హాని జరుగుతోందని చీటీలో ఉంటే చెప్పాల్సినవారికి చెప్పక తప్పదు.

నల్లబల్ల

మూడో సందేహం మిగిలింది. మార్కులు వేయాల్సి ఉంది. అభిప్రాయాలకు మార్కులు ఎలా వేస్తాం?

వర్గరేఖ

వేయకండి. వేస్తే మీకు నచ్చే వాక్యాలు రాసిస్తారు, అంతకుమించి ఏమీ తెలియదు. వివరణను కొలవండి. మొదటి పీరియడ్ తొలి ఐదు నిమిషాల్లో ఒక ప్రశ్న ఇచ్చి కాగితాలు దాచండి: 'ఒకే బడిలో చదివిన ఇద్దరు. ఒకరు పై చదువుకు వెళ్లారు, ఒకరు మానేశారు. ఎందుకై ఉండవచ్చు? తోచినన్ని కారణాలు రాయండి.' ఆరో పీరియడ్‌లో అదే ప్రశ్న, అంతే సమయం. ప్రతి కారణం పక్కన ఒక అక్షరం: వస్తువుల గురించైతే 'వ', గుణాల గురించైతే 'గు', నియమాలు, పంపకం, అవకాశాల గురించైతే 'ని'. మార్కు రెండిటికి: కారణాల్లో రకాలు పెరిగాయా, ఒక 'ని' కారణానికి పాఠంలోంచి గానీ గమనిక పత్రంలోంచి గానీ ఆధారం చూపారా. 'గు' రాసినందుకు మార్కు తీసేయకండి, గుణాలూ ఉంటాయి.

అక్షరాలు వేసేటప్పుడు పేరు, తేదీ మీద కాగితం మడిచి, 64 కాగితాలూ కలిపేయండి. ఏది ముందుది, ఏది తర్వాతిది అని తెలిస్తే తెలియకుండానే తర్వాతివాటికి 'ని' ఎక్కువ పడుతుంది. వీలైతే ఓ పది కాగితాలు ఇంకో టీచరుతో విడిగా వేయించి మీవాటితో పోల్చండి. తేడా ఎక్కువగా 'డబ్బు లేదు' అన్న జవాబు దగ్గర వస్తుంది. దాన్ని 'వ'లో వేయాలా 'ని'లో వేయాలా అన్నది ఇద్దరూ మొదలుపెట్టేముందే తేల్చుకోండి. 'డబ్బు లేదు' వరకే ఉంటే 'వ', ఎందుకు లేదో ఒక్క మాటైనా ఉంటే 'ని'.